టిక్‌టిక్ వదిన పరీక్ష పెట్టనంది

రేడియో క్లబ్బులో అందరికీ ఆమె టిక్‌టిక్ వదినే. చుక్కలూ గీతలుగా వినబడే మోర్స్ కోడ్‌లో ఆమె చెవికి చిక్కని అక్షరం లేదు. లైసెన్సు కోసం వచ్చేవాళ్ళకు కోడ్ పరీక్ష పెట్టేదీ ఆమే.

కోరి నేర్చుకున్న విద్య కాదది. భర్త రేకుల షెడ్డులో సుత్తి పనివాడు. సొంత చేతులతో రేడియో సెట్టు కట్టాడు. అందులో మాట్లాడాలంటే లైసెన్సు కావాలి, లైసెన్సుకు కోడ్ రావాలి. వంటింట్లో ఎదురుగా కూర్చుని "కొట్టవే" అనేవాడు. ఆమె పుస్తకం చూసి గరిటెతో గిన్నె అంచు మీద కోడ్ కొట్టేది. ఒక్క అక్షరమూ తప్పకుండా చెప్పేసేవాడు. "నీకేం, కళ్ళు మూసుకుని పాసవుతావు" అని మురిసిపోయేది.

కళ్ళు మూస్తే అతనికి ఏమీ రాదని పరీక్ష గదిలోగాని తెలియలేదు. సుత్తి మోతకు అతని చెవులు సన్నటి కూతలను ఎప్పుడో వదిలేశాయి. ఇంట్లో అతను చదివింది ఆమె మణికట్టు కదలికను. ఆ సంగతి అతనికే తెలియదు. హెడ్‌ఫోన్లు తగిలించేసరికి ముందున్న కాగితం తెల్లగానే ఉండిపోయింది. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ తప్పాడు. పంతం పట్టి ఆమె రాసింది, పాసైంది. కిందటేడు అతను పోయాడు. రేడియోలో ఆమె కోడ్‌లో తప్ప మాట్లాడదు. మైకు అతనిది, దాన్ని ముట్టదు.

కోడ్ పరీక్ష ఉంచాలా, తీసేయాలా అని లైసెన్సు ఆఫీసు క్లబ్బు అభిప్రాయం అడిగింది. ఆదివారం అందరూ కూడారు. రిటైరైన టెలిఫోన్ ఇంజనీరు అధ్యక్షుడు. ఆయనే మొదలుపెట్టాడు.

"తీసేస్తే దారిన పోయే ప్రతివాడూ మైకు పట్టుకుంటాడు. వదినగారూ, మీరు చెప్పండి. మీరు వంటింట్లో నేర్చుకున్నారు, వీళ్ళకేం రోగం?"

ఆమె లేచింది. "తీసేయండి."

"మీరే అలా అంటే ఎలాగండీ!"

"నేనే అనాలి. రాక ఏడుస్తోందని నన్నెవరూ అనలేరు."

వెనక బెంచీలోంచి స్కూటర్ మెకానిక్ అందుకున్నాడు. "కష్టపడితే ఎవరికైనా వస్తుంది వదినా!"

"మీ అన్నయ్య కష్టపడలేదా? ఆయనకు మాట వినబడేది, మాట్లాడటం వచ్చేది. నువ్వు కాల్చుకున్న సెట్టుకు ప్రాణం పోసిందెవరయ్యా? మాట్లాడతానన్నవాణ్ణి కూతలు విని చెప్పమంటారేం?"

"మీకు కోడ్ ఇష్టమే కదా!" అన్నాడు అధ్యక్షుడు.

"ప్రాణం. నాకిష్టమని అందరి గుమ్మానికీ తాళం వేయనా?"

చేతులెత్తమన్నారు. ఉంచాలన్న చేతులే ఎక్కువ లేచాయి. అధ్యక్షుడు తేలికపడ్డాడు. "మనసులో పెట్టుకోకండి వదినగారూ. ఈసారి పరీక్ష కూడా మీరే పెట్టాలి."

"పెట్టను."

"మరెవరు పెడతారండీ?"

"ఇన్ని చేతులు లేచాయిగా, అందులో ఏదో ఒకటి కొడుతుందిలెండి."

ఎవరికో నవ్వు రాబోయి ఆగింది. మెకానిక్ గొంతు తగ్గించాడు. "క్లబ్బు మానేస్తావా ఏంటి వదినా?"

"నేనెందుకు మానేస్తాను? మళ్ళీ ఆదివారం వస్తా, మళ్ళీ ఇదే అడుగుతా" అంటూ కుర్చీని అధ్యక్షుడి బల్ల ముందుకు లాక్కుని కూర్చుంది.