నొప్పి లేదు, అయినా ఆడనన్నాడు

ఈ రోజు బోణీ బేరం నేనే చెడగొట్టుకున్నాను.

అనకాపల్లిలో మాది చిన్న స్పోర్ట్స్ షాపు. మునగపాక కబడ్డీ టీమ్‌లో కూతకెళ్లే సత్తిబాబు పొద్దున్నే వచ్చి తొడకి వేసుకునే పట్టీ అడిగాడు. ఆదివారం మ్యాచ్ ఉందట. ఈ ఏడాది రెండుసార్లు ఎడమ తొడ వెనక కండ చిరిగింది. మొదటిసారి నొప్పి తగ్గగానే కోర్టులోకి దిగిపోయాడు, అక్కడే మళ్లీ చిరిగింది.

"తగ్గిందేటి?" అన్నాను.

"తగ్గిపోనాది బావా. పది రోజులై మార్కెట్లో బెల్లం దిమ్మలు మోత్తన్నాను. ఇంకేటి కావాల?"

"మోసినప్పుడు మెల్లగా నడుత్తావు. కూతకెళ్తే కాలు బారుగా సాపాల, ఒక్క ఉదుటున వెనక్కి పరిగెత్తాల. ఇలా పడుకో, సూద్దాం."

షాపు మధ్యలోనే వెల్లకిలా పడుకోబెట్టి, ఒక్క మడమ స్టూలు మీద పెట్టి నడుము పైకి లేపమన్నాను. కుడికాలితో ఇరవైసార్లు లేపాడు. ఎడమకాలితో ఆరోసారికే కాలు వణికి నడుము కింద పడేశాడు. నొప్పి పోయింది గానీ బలం ఇంకా రాలేదు. అందుకే అదే చోట మళ్లీ చిరుగుతోంది. దానికి పట్టీ ఏం చేస్తుంది?

సత్తిబాబు నేలమీద నుంచి లేవకుండానే కెప్టెన్‌కి ఫోన్ చేసి, ఆదివారం ఆడనన్నాడు. అవతల కెప్టెన్ అరుపు షాపంతా వినబడింది.

"నొప్పి లేకపోతే మరెందుకు రావురా?"

"పైయేడు కూడా ఆడాల కదా మామా!"

నొప్పి తగ్గిందని దిగిపోయి మళ్లీ కుంటినవాళ్లు మీలో ఎంతమంది? సిగ్గుపడకుండా రాయండి, మొదటి పేరు నాదే.