మా వార్డు టీచరమ్మ చేసిన సీమంతం

మా ఇంటి గోడకు ఆనుకునే అంగన్‌వాడీ సెంటరు ఉంది. గోడ పొట్టిది. నేను అరుగు మీద కూర్చుంటే చాలు, లోపల ఏ పిల్లవాడు ఏడుస్తున్నాడో, ఏ పూట గ్యాసు అయిపోయిందో తెలిసిపోతుంది. తెలియకపోతే లేచి వెళ్లి అడుగుతాను. ఆళ్లగడ్డలో మా వీధికి ఈ అలవాటు మామూలే. అందుకే టీచరు మద్దిలేటమ్మ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు.

ఆమెది సంజామల దగ్గర పల్లె. మా ఎదురింటి ఓబులేసుకు ఇచ్చి చేశారు. ఓబులేసు మెయిన్‌రోడ్డు పక్కన విగ్రహాల షెడ్లలో పాలిష్ పని చేస్తాడు. పెళ్లయిన ఏడాదే మా వార్డుకు సెంటరు మంజూరైంది. టీచరుగా పెళ్లయిన మనిషి కావాలి, ఆ వార్డులో కాపురముండే మనిషే కావాలి అన్నారు. పది పాసైన కోడలు మా వీధిలో ఈమే. అట్లా ఓబులేసు పెళ్లాం అయినందుకే ఆ పని వచ్చింది. అప్పుడు ఓబులేసు వీధంతా మైసూరుపాకు పంచాడు. నేనూ తిన్నాను.

పనిలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. సర్కారు నుంచి ఆటబొమ్మల పెట్టె ఒకసారి వచ్చింది. పిల్లలు వాటిని ఏడాదిలో అరగదీశారు. మళ్లీ ఎప్పుడు అంటే ఫండ్సు వస్తే అన్నారు. మద్దిలేటమ్మ ఊరుకోలేదు. షెడ్లలో తిరిగి, ఉలి తప్పి విరిగిపోయిన రాతి వేళ్లు, ఏనుగు తొండం ముక్క, నెమలి తల అడిగి తెచ్చింది. పూజ జరగని రాయికి దోషం లేదని మేస్త్రీ చెప్పాకనే తెచ్చింది. అంచులు గుచ్చుకోకుండా ఓబులేసు వాటికి కూర్చుని నున్నగా పాలిష్ పట్టాడు. మా మనవరాలు అంకెలు నేర్చుకున్నది ఆ దేవతల వేళ్లతోనే. ఓబులేసు ముందు నుంచీ చెడ్డవాడని నేను అనలేను.

వాళ్లకు పిల్లలు కలగలేదు. నంద్యాలలో చూపించుకున్నారు, కర్నూలులో చూపించుకున్నారు. తర్వాత చూపించుకోవడం మానేశారు. ఒకరోజు ఓబులేసు పాములపాడు వైపు పనికని పోయి, రేణుక అనే పిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు. గుళ్లో తాళి కట్టానన్నాడు. మద్దిలేటమ్మతో ఇల్లు పెద్దదేననీ, నడిమి గది నీదేననీ, నిన్ను ఎవరు పొమ్మన్నారనీ అన్నాడట. ఆమె ఆ పూటే బట్టలు సర్దుకుంది. పుట్టింటికి పోదామనుకుంది కానీ ఉద్యోగం ఇక్కడ ఉంది.

నంద్యాల ఆఫీసులో అడిగి బదిలీ చేయించుకుంటానంటే నేనూ బయలుదేరాను. ఒంటరిగా పంపడం నాకు ఇష్టం లేదు, అక్కడ ఏం చెప్తారో వినాలని కూడా ఉంది. ఆ సారు మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. మొత్తం విన్నాడు. విన్నాక ఈ పోస్టుకు బదిలీ ఉండదన్నాడు. కావాలంటే రాజీనామా ఇచ్చి, పుట్టిన ఊళ్లో ఖాళీ పడినప్పుడు కొత్తగా పెట్టుకోవాలట. ముప్పై అయిదు దాటితే తీసుకోరట. ఆమెకు దాటి రెండేళ్లయింది.

నాకు నోరు ఆగలేదు. "అయితే సారూ, ఈయమ్మ ఆ మొగుని ఎదురుగానే పడి ఉండల్లనా?"

"ఎదురుగానో వెనకనో నాకు తెలీదు పెద్దమ్మా. ఆ వార్డులో మాత్రం ఉండల్ల. వార్డు ఇడిసి పోతే ఉన్న పోస్టు గూడా పోతాది."

బస్సులో తిరిగొస్తూ ఆమె, శిరివెళ్ల దాటాక, అన్న ఇంటికి పోతే కూలికి పోవాలి, అది కష్టం కాదు, వదిన ఉప్పు డబ్బా తీసినా అడిగి తీయాలి, అది నావల్ల కాదు అంది. నేను మా ముందరి గది ఖాళీగానే ఉందని చెప్పాను. ఎంతైనా అది అదే వార్డు కదా.

అట్లా మా ఇంట్లోకి వచ్చింది. వచ్చిందే కానీ ఆ గది కిటికీ తెరిస్తే ఓబులేసు వాకిలే కనపడుతుంది. చలికాలమంతా మూసే ఉంచింది. ఎండాకాలంలో లోపల ఉడికిపోతుంటే తెరవక తప్పలేదు. పొద్దున లేచేసరికి రేణుక ఎదుట ముగ్గు వేస్తూ ఉంటుంది. ఒకప్పుడు ఈమె వేసిన చోటే. నేను చాప అడ్డం కట్టమన్నాను. గాలి రాదంది.

వానలు మొదలైనప్పుడు రేణుక నీళ్లోసుకుంది. వార్డులో ఎవరు కడుపుతో ఉన్నా టీచరే చూసుకోవాలి. గుడ్లు, పాలు, కందిపప్పు ఇవ్వాలి, బరువు తూచాలి. ఆయా జీవమ్మ మంచిది. ఆ ఇంటికి నేను పోతాలే అంది. కానీ ఇప్పుడు ఊరికే ఇచ్చి రావడం కుదరదు. తీసుకునే మనిషి ముఖం టీచరు తన ఫోన్లో పట్టాలి. ఫోటో చూపించి మోసం చేయకుండా ఎదుటి మనిషి కళ్లు ఆర్పాలి. ఆర్పితేనే ఫోను ఒప్పుకుంటుంది.

మొదటిసారి ఆమె వెళ్లినప్పుడు నేను అరుగు మీద నుంచి లేచి నిలబడి చూశాను. తను కాపురం చేసిన ఇంటి గడప బయట నిలబడి, ఫోను ఎత్తి పట్టుకుంది. రేణుక తల వంచుకునే ఉంది. ఫోను ఒప్పుకోవడం లేదు.

"తలెత్తు. నన్ను జూడు. కండ్లు ఆర్పు."

ఆ పిల్ల తలెత్తింది గానీ కళ్లు ఆర్పడానికి చాలాసేపు పట్టింది. ఈమె చెయ్యి దించలేదు. సరుకులు గడప మీద పెట్టి వచ్చేసింది. ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత ప్రతిసారీ వెళ్లింది, తిన్నది.

శ్రావణంలో ఓబులేసు తల్లి కొళాయి దగ్గర నాతో మాట కలిపింది. ఆమెకు కడుపులో మాట దాగదు, నేను దాగనివ్వను. మా రేణుక ఇంటరు చదివింది వదినా, వయసుంది, ఈ వార్డు మనిషే, ఆ టీచరు పోతే ఆ పని మా ఇంటికే వస్తుంది అంది. ఎందుకు పోతుంది అని అడిగాను. పోయేట్టు చేస్తే పోతుంది అంది. ఓబులేసు అప్పటికే ఒక లీడరు మనిషి దగ్గరికి పోయి, టీచరు పాత కక్షతో నా పెళ్లానికి గుడ్లు సరిగా ఇవ్వడం లేదని చెప్పి పెట్టాడట. ఇంకొక్క తప్పు చూపిస్తే చాలునట.

బిందె అక్కడే వదిలేసి వచ్చి మద్దిలేటమ్మకు చెప్పాను. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

"నాకు తెలుసు పెద్దమ్మా. గుడ్లు ఒకటికి రెండుసార్లు లెక్క జూసి ఇస్తాండేది అందుకే."

"తెలిసి గూడా పోతాండావా ఆ ఇంటికి?"

"పోకపోతే అదే తప్పంటారు కదా."

నేనూ పక్కన కూర్చుని రాళ్లు ఏరాను.

సెప్టెంబరులో పోషణ మాసమని సెంటర్లలో సీమంతాలు చేయమన్నారు. వార్డులో ఉన్న గర్భిణులందరినీ కూర్చోబెట్టి పసుపు కుంకుమలు, గాజులు, పూలు పెట్టాలి. భర్తలను కూడా రమ్మనాలి, భార్యను చూసుకోవడం వాళ్లకూ నేర్పాలట. దానికి ఫండు తర్వాత వస్తుంది, ముందు చేయండి అన్నారు. గాజులు మద్దిలేటమ్మే తెచ్చింది. ఆకుపచ్చవి, రేణుక చేతికి సరిపోయేవి కూడా. చిత్రాన్నం జీవమ్మ, నేను కలిపాం.

వీధిలో ఆడవాళ్లందరూ వచ్చారు. సీమంతం చూడ్డానికని ఒక్కరూ రాలేదు. ఆమె ఆ చేతులు పట్టుకుంటుందా, పళ్లెం విసిరేసి పోతుందా అని వచ్చారు. ఓబులేసు తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. లీడరు మనిషిని కూడా వెంట తెచ్చుకున్నాడు. రేణుక పక్క కుర్చీలో కాళ్లు చాచుకుని కూర్చున్నాడు. పళ్లెం విసిరేస్తే ఉద్యోగం పోతుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, నంద్యాల నుంచి కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ మేడంకు తప్ప.

ఒక్కొక్కరికీ బొట్టు పెడుతూ, గాజులు తొడుగుతూ వచ్చింది. రేణుక దగ్గరికి వచ్చేసరికి గదిలో ఫ్యాను చప్పుడే వినపడుతోంది. ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది. చేయి పట్టుకుంది. నాలుగు వేళ్లూ దగ్గరికి నొక్కి మొదటి గాజు ఎక్కించింది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కోబోయింది, గాజు చిట్లింది. సీమంతంలో గాజు చిట్లకూడదు. టీచరే కావాలని చిట్లగొట్టిందని ఓబులేసు తల్లి లేచింది. మద్దిలేటమ్మ ఆమె వైపు చూడలేదు. ముక్కలు కొంగులో ఏరుకుని, నెత్తురు రాలేదు కదా అని ఆ మణికట్టు తిప్పి చూసి, ఇంకొకటి తీసింది.

ఆ గొడవ సర్దుమణగాలనో ఏమో, సూపర్‌వైజర్ మేడం నవ్వుతూ అందరి భర్తలూ వచ్చారే, మీ ఆయన రాలేదా టీచర్, రమ్మనండి ఫోటోకి అంది.

ఎవరూ కదల్లేదు. నేనే ఏదో ఒకటి చెప్పి మాట మార్చాలనుకున్నాను.

మద్దిలేటమ్మ గాజు తొడగడం పూర్తి చేసింది. తర్వాత తలెత్తింది.

"వచ్చినాడు మేడం. ఆ తెల్లచొక్కాయన."

మేడం తెల్లచొక్కాను చూసింది. పక్కన కూర్చున్న రేణుకను చూసింది. ఆమెకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఆమె ముఖం మాడిపోయింది. లీడరు మనిషి ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచాడు. ఓబులేసు నేనొక్కణ్ణేనా ఇట్లా చేసింది అని ఏదో అనబోయాడు. తల్లి చెయ్యి పట్టి లాగింది. ఇద్దరూ వెళ్లిపోయారు.

మేడం ఆమెను పక్కకు పిలిచి, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు, కేసు పెడదాం, లేదంటే విడాకులు తీసుకో అంది. నేను గోడ పక్కనే ఉన్నాను. వద్దు మేడం అంది మద్దిలేటమ్మ. ఇప్పుడు వీధి ముందరా కాగితం మీదా అతని పెళ్లాం నేను, దాని పెళ్లి చెల్లదు, అందుకే ఆ పిల్ల పేరు ఈ పోస్టుకు రాదు. తెంచుకున్న మరుసటి రోజు అతను దాన్ని చట్టంగా కట్టుకుంటాడు, నన్ను తీసేయించి దాన్ని పెట్టించే దారి దొరుకుతుంది. నాకు ఏ ఊళ్లోనూ పని దొరకదు. ఈ మాటలు ఎంత మెల్లగా చెప్పిందంటే నేను గోడకు చెవి ఆనించాల్సి వచ్చింది. మేడం జాగ్రత్త అని చెప్పి బస్సుకు వెళ్లిపోయింది.

అందరూ పోయారు. రేణుక మాత్రం లేవలేదు. ఆమెను తీసుకుపోవాల్సిన వాళ్లు మరచిపోయి పోయారో, కావాలని పోయారో తెలియదు. ముందర విస్తరిలో చిత్రాన్నం అట్లాగే ఉంది.

"టీచరు పని ఇప్పిస్తానని మా నాయనకు జెప్పి తెచ్చినాడక్కా. నీ సంగతి ఈడికి వచ్చినాకనే తెలిసింది. ఇంగ ఆ ఇంటికి ఏం మొగం పెట్టుకోని పోవల్ల?"

"మీ ఊరికి పోతావా?"

"కడుపుతో పోతే రానియ్యరు."

మద్దిలేటమ్మ ఓదార్చలేదు. జీవమ్మ గిన్నెలు కడిగి వెళ్లిపోయింది. ఎదురింటి తలుపు మూసే ఉంది. ఈమె సెంటరు కిటికీలు ఒక్కొక్కటే బిగించి, తాళం చేత్తో పట్టుకుని వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"తిను. నువ్వు తిన్నాకనే కదా నేను తాళమేసేది."

రేణుక తినడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, మెతుకు మెతుకూ తింటోంది. ఆ పిల్లకు లేచి పోవాలని లేదు. ఈమె కూడా తొందరపెట్టలేదు.