కిరాయి ఇల్లు, డయాలసిస్, నా అనుమానం

ఆ రోజు మా ఆయనకు చెప్పులు పట్టలేదు. పొద్దున పనికి బయల్దేరుతూ గడప మీద కూర్చుని రెండుమూడుసార్లు కాలు దూర్చబోయి, విసుగొచ్చి ఉత్త కాళ్లతోనే వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చేసరికి పాదాలు బాగా ఉబ్బి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. నాకు మొదట వచ్చిన అనుమానం కల్లు. మానేశానని చెప్పి మళ్లీ మొదలుపెట్టాడేమోనని దగ్గరికెళ్లి వాసన చూశాను.

"పోలీసోళ్ల లెక్క వాసన చూస్తున్నవేందే?" అన్నాడు.

వాసనేమీ లేదు. అయినా రెండు రోజులు నమ్మలేదు.

మాది మర్పల్లి దగ్గర పల్లె. ఆయన పేరు దేవదాసు, ఇళ్లు కట్టే మేస్త్రీ. నా పేరు సులోచన, బట్టలు కుడతాను. అనుమానం మనిషినని అత్తగారింట్లో నాకు మొదటి నుంచీ పేరుంది. పాలు పోసే ఆమె క్యాను మూత తీస్తే లోపలికి తొంగి చూసేదాన్ని. ఆ గుణం ఈ జబ్బులో నాకు ఒకచోట మేలు చేసింది, ఒకచోట మా ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. అందుకే రాస్తున్నాను.

ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేసి, ఉప్పు తగ్గించమన్నాడు. వాపు తగ్గలేదు, పైగా అన్నం చూస్తేనే వాంతి వచ్చేది. వికారాబాద్ తీసుకెళ్లాను. రక్తపరీక్షలో క్రియాటినిన్ చాలా ఎక్కువని వచ్చింది. ఆ ల్యాబ్‌లో గుంపు గుంపుగా జనం ఉన్నారు, ఎవరి రక్తం ఎవరి పేరు మీద రాశారోనని ఇంకో ల్యాబ్‌లో చేయించాను. రెండు కాగితాలూ డాక్టర్ ముందు పెడితే ఆయన నవ్వలేదు, కోపం చేయలేదు.

"అమ్మా, ల్యాబ్ మార్చినా కిడ్నీలు మారవు. బీపీ ఏళ్ల తరబడి ఉంది, మీరు చూపించుకోలేదు. స్కాన్‌లో రెండు కిడ్నీలూ ష్రింక్ అయిపోయినయి. స్టేజ్ ఫైవ్. డయాలసిస్ మొదలుపెట్టాల్సిందే."

"ఎన్ని రోజులు సార్?" అని అడిగాను.

"ట్రాన్స్‌ప్లాంట్ అయ్యేదాకా, లేకపోతే ఎప్పటికీ."

ఆ మాట విని మా ఆయన గోడకేసి తిరిగాడు. నేను అక్కడే ఏడ్చాను. పక్కన కూర్చున్నవాళ్లు చూస్తున్నా ఆపుకోలేదు.

హైదరాబాద్‌లో ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేశారు. మిషన్ సూదులు గుచ్చడానికి వీలుగా సిరను, ధమనిని కలుపుతారు. ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, బరువు మోయొద్దు అన్నారు. ఫిస్టులా మీద చెయ్యి పెడితే లోపల జివ్వుమని కొట్టుకుంటుంది. అది ఆగితే వెంటనే రమ్మన్నారు. ఇప్పటికీ రోజూ పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని ఆ చెయ్యి పట్టుకుని చూడడమే.

మిషన్ మీద స్లాట్ తాండూరులో దొరికింది. వారానికి మూడుసార్లు. ఊరి నుంచి వికారాబాద్‌కు ఒక బస్సు, అక్కడి నుంచి తాండూరుకు ఇంకో బస్సు. పోయేటప్పుడు బాగానే ఉండేది. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయేది. ఒకసారి వికారాబాద్ బస్టాండ్‌లో నిలబడినవాడు నిలబడినట్టే కుప్పకూలాడు. దవాఖానలో చెబితే సిస్టర్ ఒకటే మాట అన్నది.

"గింత దూరం తిప్పకమ్మా. దగ్గర్ల అర్ర చూస్కో, లేకుంటే మనిషి దక్కడు."

గది చూసుకోమని చెప్పడం తేలికే. కానీ మా వైపు పట్నాల్లో కిరాయి ఇళ్లకు ఒక కట్టుబాటు ఉంది. కిరాయికున్న మనిషి చనిపోతే శవాన్ని ఆ ఇంట్లోకి రానివ్వరు. దవాఖాన నుంచి తెచ్చి రోడ్డు పక్కన టెంటు వేసుకుని ఏడవాలి, లేదా అటునుంచి అటే ఊరికి తీసుకుపోవాలి. ఇంట్లోనే ప్రాణం పోతే ఓనర్లు ఆ ఇల్లు కొన్నాళ్లు తాళం వేసుకుంటారు. అందుకని జబ్బు మనిషి ఉన్నాడంటే ఇల్లు ఇవ్వరు. మొదట చూసిన రెండు ఇళ్లలో డయాలసిస్ అనగానే "మా సుట్టాలే వస్తున్నరమ్మా" అన్నారు. ఇద్దరికీ ఒకేసారి చుట్టాలు ఎలా వస్తారో నాకు తెలియదా.

మూడో ఇంట్లో నేను నిజం చెప్పలేదు. ఆ ఇంటావిడ శరణమ్మ, భర్త లేడు, బజారులో కిరాణా కొట్టు కొడుకు చూసుకుంటాడు. పై అంతస్తులో ఒక అర్ర, వంటకు చిన్న మూల.

"మీ ఆయనకేమైంది, అంత సన్నగున్నడు?" అని అడిగింది.

"గ్యాస్, అక్కా. కడుపుల వేడి. దవాఖాన్ల మందులు తీస్కుంటున్నడు" అన్నాను.

ఆ రోజు నుంచి ఎండలో కూడా ఆయనకు నిండు చేతుల చొక్కాలే వేశాను. ఫిస్టులా ఉబ్బు కనపడకూడదు కదా. తాండూరు కర్ణాటక అంచునే కదా, శరణమ్మ మెట్ల కింద కూర్చుని చెల్లెలితో ఫోన్లో కన్నడంలో మాట్లాడేది. నేను దిగుతుంటే గొంతు తగ్గేది. నాకు కన్నడం రాదు. మమ్మల్ని గురించేనని అనుకునేదాన్ని. పట్టుబడితే అర్ర పోతుంది, అర్ర పోతే మళ్లీ రెండు బస్సులు, మళ్లీ ఆ బస్టాండ్.

ఇక కిరాయి. ఆయన పని ఆగిపోయింది, నా కుట్టుమిషన్ ఒక్కటే ఆధారం. అప్పుడే డయాలసిస్ దగ్గర బల్ల మీద తెల్ల చొక్కా మనిషి ఒకడు తగిలాడు. డయాలసిస్ పేషెంట్లకు సర్కారు ఇంటి కిరాయి ఇస్తుందని, తాను చేయించి పెడతానని చెప్పాడు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, వేలిముద్ర కావాలట. ఆధార్‌లో అడ్రస్ తాండూరుకు మార్చాలట. ఇంటి ఓనర్‌తో ఉత్తరం రాయించుకు రావాలట.

"స్కీము పేరేందన్నా?" అని అడిగాను.

"కొత్త స్కీము. పేరింక పడలే."

పేరు పడని స్కీముకు వేలిముద్ర ఎందుకో నాకు అర్థం కాలేదు. మా ఆయన మాత్రం ఆశపడ్డాడు. "నీకు దేవుని మీద గూడ అనుమానమే. ఇచ్చెటోడు ఇస్తుంటే వద్దంటవా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకూ ఆశ లేకపోలేదు. కానీ ఓనర్ ఉత్తరం అంటే శరణమ్మకు జబ్బు సంగతి చెప్పాలి. అందుకే ముందు అసలు అలాంటి సాయం ఉందో లేదో తేల్చుకుందామని సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వికారాబాద్ కలెక్టరేట్‌కు వెళ్లాను. ఆడవాళ్లకు బస్సు టికెట్ లేదు కాబట్టి అనుమానం తీర్చుకోవడానికి ఖర్చు కాలేదు.

అక్కడి మేడం నా మాట పూర్తిగా విన్నది.

"కిరాయి కోసమని వేరే సాయం ఏం లేదమ్మా. డయాలసిస్ పెన్షన్ ఉంది, బస్ పాస్ ఉంది, మిషన్ మీద వైద్యం ఉచితం. పెన్షన్ వచ్చినంక బియ్యానికి పెడ్తవో కిరాయికి పెడ్తవో నీ ఇష్టం."

"ఓనర్ ఉత్తరం, మేడం?"

"దేనికి? పెన్షన్‌కు గది అక్కర్లేదు. ఆధార్ అడ్రస్ గూడ మార్చకు. నీ దరఖాస్తు ఊరి మీద ఉంటది, ఎంక్వయిరీ గూడ ఊర్లనే అయితది. నడిమిట్ల మారిస్తే ఇటు గాదు, అటు గాదు."

నేను ఆమె మాట కూడా అంత తేలిగ్గా నమ్మలేదు. పక్క కౌంటర్లో అడిగాను. అటునుంచి మర్పల్లి వెళ్లి మండలాఫీసులో అడిగాను. ముగ్గురూ ఒకటే చెప్పారు. బస్సులో కూర్చుని లెక్క వేసుకున్నాను. పెన్షన్ రెండు వేల పైచిలుకు. అది వస్తే కిరాయిలో సగానికి పైనే గట్టెక్కుతుంది, మిగతాది నా కుట్టుపని మీద. అంతే. అంతకుమించి ఎవరు ఎంత చెప్పినా గాలి మాటే. ఊరి మీదే దరఖాస్తు పెట్టాం. తెల్ల చొక్కా మనిషికి ఆధార్ ఇవ్వనని చెప్పాక అతను నా ముఖం చూడడం మానేశాడు. వేలిముద్రలు ఇచ్చినవాళ్ల సంగతి ఏమైందో తెలియదు, తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

ఇక్కడిదాకా నా అనుమానం గెలిచింది.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఇచ్చి రావడానికి బజారుకు వెళ్లాను. నేను లేనప్పుడు శరణమ్మ పైకొచ్చి, కడుపులో వేడికి మంచిదని రెండు బోండాల నీళ్లు చెంబులో పోసి ఇచ్చిందట. డయాలసిస్ మనిషికి కొబ్బరినీళ్లు విషంతో సమానం, అందులో పొటాషియం ఎక్కువ. మా ఆయనకు ఆ సంగతి తెలుసు. వద్దంటే ఎందుకు వద్దంటావని అడుగుతుంది, అర్ర పోతుంది. ఆమె ఎదురుగా నిలబడి ఉంది. తాగేశాడు.

నేను వచ్చేసరికి ఆయనకు కాళ్లు లేవడం లేదు. నాలుక మొద్దుబారినట్టు మాట్లాడుతున్నాడు. ఆటోలో వేసుకుని దవాఖానకు పరిగెత్తాను. ఈసీజీ తీసి, ఉన్నపళంగా మిషన్ మీద పెట్టారు.

"పొటాషియం సెవెన్ దాటింది. ఇంకొంచెం ఆలస్యమైతే గుండె ఆగిపోయేది. ఏం తాగాడు?" అని డాక్టర్ గట్టిగా అడిగాడు.

మా ఆయన చెప్పాక నాకు వచ్చిన ఆలోచన ఏమిటంటే, శరణమ్మ తెలిసే ఇచ్చిందని. జబ్బు సంగతి కనిపెట్టి, మమ్మల్ని వెళ్లగొట్టలేక ఇలా చేసిందని. ఆ మంచం పక్కన కూర్చుని మనసులో ఆమెను తిట్టని తిట్టు లేదు.

డిశ్చార్జి చేసి ఇంటికి వచ్చేసరికి ఆమె మెట్ల దగ్గరే నిలబడి ఉంది.

"గ్యాస్‌కు ఇన్ని దినాలు దవాఖాన్ల ఉంచుతరా, సులోచనా?"

నేను ఇంకో అబద్ధం వెతుక్కుంటుండగానే ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"అక్కా, నాకు కిడ్నీలు పోయినయ్. వారంల మూడుసార్లు గీ చేతికి సూదులు గుచ్చుతరు. నువ్విచ్చిన కొబ్బరినీళ్లు నాకు పడయ్. నేను సస్తే నీ గడప ఎక్కియ్యరు, సీదా ఊరికే తీస్కపోతరు. మా అన్నకు చెప్పి పెట్టిన."

శరణమ్మ ముఖం తెల్లబోయింది. నా వైపు తిరిగి అరిచింది.

"నా చేతుల మీదికెళ్లి ఒక పానం పోయేది గదనే! ఒక్క మాట చెప్తే ఏం పోతుండె నీకు?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అర్ర పోయిందనే అనుకుని గిన్నెలు సంచిలో సర్దాను. సాయంత్రం ఆమె పైకొచ్చి మా బావగారి నంబరు అడిగింది. మా ముందే ఫోన్ చేసి, "మీ తమ్మునికి ఏమన్నైతే ఏడికి తీస్కపోతరు?" అని సూటిగా అడిగింది. "ఊరికేనమ్మా, ఎంత రాత్రైనా బండి తెస్త" అన్నాడాయన. ఫోన్ పెట్టేసి మా ఆయన వైపు చూసింది.

"సచ్చుడు ముచ్చట తెగింది. ఇగ బతికేది చూడుండ్రి. ఈ మెట్లు నీతోని గావు. కింద అర్ర వచ్చే నెల ఖాళీ అయితది, దాంట్లకు దిగుండ్రి. కిరాయి అంతే."

ఇప్పుడు కింద అర్రలోనే ఉంటున్నాం. పెన్షన్ ఆలస్యంగానైనా వచ్చింది. ఆయన బరువు నిలకడగా ఉంది, ఫిస్టులా బాగా పనిచేస్తోంది, పొట్టి చేతుల చొక్కాలు వేసుకుంటున్నాడు. శరణమ్మ ఏమన్నా వండి పంపేముందు గుమ్మంలో నిలబడి, "గిది తినొచ్చునా?" అని అడుగుతుంది. కన్నడంలో ఫోన్ మాట్లాడేటప్పుడు గొంతు ఇప్పటికీ తగ్గిస్తుంది. నేను ఇప్పటికీ చెవులు రిక్కిస్తాను.

ఈ దారిలో నడుస్తున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. సర్కారు సాయం ఇప్పిస్తామనే మనిషిని ఎంత అనుమానించినా తప్పులేదు, ఆఫీసులో అడిగి తేల్చుకోండి. కానీ ఒకే కప్పు కింద ఉండే మనిషికి మాత్రం జబ్బు పేరు, తినకూడనివి మొదటి రోజే చెప్పండి.

ఇంకొక్క సంగతి. ఈ కింద అర్ర సరిగ్గా గేటు పక్కనే ఉంది. మంచం ఎత్తితే రెండడుగుల్లో రోడ్డు మీద ఉంటాం. శరణమ్మ జాలిపడి ఇచ్చిందా, లేక రేపు ఏమన్నా అయితే మనిషిని గబుక్కున బయటికి తేవచ్చని ఇచ్చిందా అని మొన్న ఆయనతో అన్నాను.

ఆయన ఫిస్టులా చెయ్యి తల కింద పడకుండా జాగ్రత్తగా పక్కకు పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"రెండిటికీ ఇచ్చింది. పొద్దుగాల మిషన్ కాడికి పోయేదుంది, పండుకో."