నిన్న ఏం చేశావు?

ఉదయం ఏడూ ఇరవైకి ఆమె మొదటి సీసా అందుకుంటుంది. మూత తీసే ముందు లేబులు చదువుతుంది. నీళ్ళు ఎక్కడివి, ఏ రోజువి, ఎన్ని గంటలకు పట్టారు, పట్టిన మనిషి ఎవరు. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ సీసా బల్ల ఎక్కదు. ఓసారి పెద్ద ఇంజినీరు ఇంటి నీళ్ళే లేబులు లేకుండా వచ్చాయి. మీ సారు ఇంట్లో కుళాయిలు ఎన్ని, వాటిలో ఇది ఏ కుళాయి అని అడిగితే తెచ్చిన డ్రైవరు నీళ్ళు నమిలాడు. సీసా వచ్చిన దారినే వెనక్కి పోయింది.

నీటి పరీక్షల ప్రయోగశాలలో ఆమెకిది ముప్పై మూడో ఏడు. గది అదే, బల్ల అదే. కుర్చీ మాత్రం రెండుసార్లు మారింది. ఆఫీసు వైపు రమ్మని, పెద్ద హోదా ఇస్తామని రెండుసార్లు పిలిచారు. అక్కడ సీసాలుండవు, ఫైళ్ళే ఉంటాయని తెలిసి వద్దంది. ఒక ఆదివారం రీడింగు తేడాగా వస్తే, ఎవరినీ అడక్కుండా ఊళ్ళో సగం కుళాయిలు కట్టేయించింది. మంత్రిగారి బంధువుల ఇంట్లో శుభకార్యం ఉందని ఫోన్లు వచ్చాయి. శుభకార్యానికి వచ్చినవాళ్ళు ఆసుపత్రికి పోతే బాగుంటుందా అని అడిగి ఫోన్ పెట్టేసింది. తర్వాత తవ్వి చూస్తే మురుగు గొట్టం పగిలి మంచినీటి గొట్టంలో కలుస్తోంది.

కాలేజీలో ఆమె పేరు ఒక్కచుక్క. కెమిస్ట్రీ ల్యాబులో పొడుగాటి గాజు గొట్టం లోంచి ద్రవాన్ని చుక్క చుక్కగా ఫ్లాస్కులోకి వదులుతూ, లేత గులాబీ రంగు తేలగానే ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువ పడితే రంగు ముదురుతుంది. పరవాలేదులే అని అందరూ ఆ అంకే రాసుకుని క్యాంటీన్‌కి పోయేవారు. ఆమె ఫ్లాస్కు కడిగి మళ్ళీ మొదలుపెట్టేది. ఆమె పక్క బల్ల కుర్రాడికి మైకు అని పేరు. సభ ఎవరిదైనా మైకు మాత్రం అతని చేతిలోనే ఉండేది. ప్రయోగం చేసే ఓపిక అతనికి లేదు. రావలసిన జవాబేదో సీనియర్ల దగ్గర కనుక్కుని, దాన్నుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగులు రాసేవాడు. ప్రాక్టికల్స్‌లో అతనికి ఆమెకంటే రెండు మార్కులు ఎక్కువే వచ్చాయి.

చదువయ్యాక అందరూ ఏకగ్రీవంగా మైకునే తమ బ్యాచ్ ప్రతినిధిగా ఎన్నుకున్నారు. అంటే ఇంకెవరూ ముందుకు రాలేదు. విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థుల పుస్తకం వేస్తుంది. ఒక్కో బ్యాచ్‌కి కొన్నేళ్ళకోసారి వంతు వస్తుంది. ఎవరెక్కడున్నారు, ఏం చేస్తున్నారు అన్నది మనిషికి రెండు మూడు వాక్యాలు. ప్రతినిధి సంతకం లేనిదే ఒక్క అక్షరం అచ్చుకు పోదు.

పదేళ్ళకు మొదటి పుస్తకం వచ్చింది. అందులో ఆమె లేదు. 'నీటి ప్రయోగశాల, చేరినప్పటి పనే' అని రాసి పంపితే, ఇందులో వార్తేముంది అని మైకు తీసేశాడు. ఇరవయ్యో ఏట రెండో పుస్తకం వచ్చింది. ఈసారి ఉంది. 'ప్రముఖ జల పరిశోధనా సంస్థ డైరెక్టర్‌గా దేశానికి విశిష్ట సేవలందిస్తున్నారు.'

ఆ పేజీని ఎవరో కత్తిరించి ప్రయోగశాల నోటీసు బోర్డుకి అంటించారు. అసలు డైరెక్టరు మర్యాదస్తుడే. అయినా సాయంత్రం ఆమె బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారు మేడమ్ అని అడిగి వెళ్ళాడు. చూడని రీడింగు కింద ఆమె ఎన్నడూ సంతకం పెట్టలేదు. ఇప్పుడు తన బతుకు కిందే ఎవరో దొంగ రీడింగు రాసిపెట్టారు. సవరణ వేయమని మైకుకు నాలుగు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఇంట్లో ఆ పుస్తకాన్ని భూతద్దం పెట్టి చదివింది అత్తగారొక్కతే. ఆవిడకప్పుడు అరవై తొమ్మిది, ఇప్పుడు ఎనభై నాలుగు. ఈ పదిహేనేళ్ళూ ఆవిడ కోడల్ని వేరే పేరుతో పిలిచింది లేదు.

"డైరెక్టరు గారూ, పాలు పొంగుతున్నాయి."

ఈ ఏడు మూడో పుస్తకం వంతు వచ్చింది. ఇకపై పుస్తకాలు అచ్చువేయబోమని, ఇదే చివరిదని ఉత్తరంలో రాశారు. ఆమెకు ఉద్యోగంలో మిగిలినవి రెండేళ్ళు. ఈసారి తప్పు పడితే ఇక దిద్దే చోటు లేదు. ఆమె మైకుకు ఫోన్ చేసింది. చేస్తూనే ఉంది. తొమ్మిదోసారి ఎత్తాడు.

"ఉన్నదున్నట్టు రాస్తే ఆ పుస్తకం ఎవడు చదువుతాడు ఒక్కచుక్కా? నీకు నేనేమన్నా అన్యాయం చేశానా? గౌరవమేగా ఇచ్చాను."

"చెయ్యని ఉద్యోగం ఇచ్చావు. చేసింది ఎక్కడ పడేశావు?"

"అంత పట్టుదలైతే నువ్వే రాయి. ముప్పై ఎనిమిది మంది, అయిదు వారాలు. నాలుగో రోజుకి నువ్వే ఫోన్ చేస్తావు, బాబ్బాబూ తీసుకుపో అని."

"కాగితాలు పంపు."

మూడో రోజున ఒక గుడ్డసంచి వచ్చింది. చేరినప్పుడు వాళ్ళు నలభై ఇద్దరు. నలుగురు పోయారు. మిగిలిన ముప్పై ఎనిమిది మందిలో సగం మంది గురించి ఆ సంచిలో కాగితం ముక్క కూడా లేదు. మైకు లెక్కలో వాళ్ళు వార్త కాలేదు.

ఏం రాయమని అడగాలో ఆమె ఒక పూట ఆలోచించింది. చివరికి తనకు తెలిసిన పద్ధతే పట్టుకుంది. ప్రయోగశాలలో మిగిలిపోయిన పాత లేబుళ్ళ కట్ట ఒకటి తెచ్చి, వెనకవైపు నాలుగు ఖాళీలు గీసింది. ఎక్కడ, ఎప్పటినుంచి, నిన్న ఏం చేశావు, చెప్పింది ఎవరు. ఆమె భర్త తూకం యంత్రాలు బాగుచేసే మెకానిక్కు. రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు. లేబులు తిప్పి చూసి, మూడో ఖాళీ కొంచెం పెద్దది గీయి, మనుషులు అక్కడే తడుముకుంటారు అన్నాడు.

నిజంగా అక్కడే తడుముకున్నారు. మధ్యాహ్నం భోజనం విరామంలో రోజుకు ముగ్గురికి ఫోన్ చేసేది. మొదటి రెండు వాక్యాలూ అందరూ పుస్తకంలో ఉన్నట్టే చెప్పేవారు. నిన్న ఏం చేశావు అనగానే అవతల గొంతు మారేది. పాత పుస్తకంలో 'ప్రముఖ పారిశ్రామికవేత్త' అని పడ్డ మనిషి, రేకుల షెడ్డులో ఆరుగురితో సబ్బులు చేస్తున్నానని, నిన్న ఒక వాయి పగిలిపోతే అంతా కరిగించి మళ్ళీ పోశామని చెప్పాడు. సబ్బు మాట రాయకు అన్నవాడు, మర్నాడు తనే ఫోన్ చేసి, రాయి, కావాలంటే వాసన కూడా రాయి అన్నాడు. 'విద్యావేత్త' గారు ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతోంది. మబ్బు పట్టి గది చీకటైతే మెగ్నీషియం తీగ వెలిగించి చూపించిందట. పిల్లలు అరిచిన అరుపుకు పక్క క్లాసు టీచరు పరుగెత్తుకొచ్చిందట.

రెండు పుస్తకాల్లోనూ లేని మనిషి ఒకడు ఫోన్‌లో చాలాసేపు అనుమానించాడు. నా పేరు కూడానా అన్నాడు. బడి వ్యాను నడుపుతాడు. ఇరవై ఎనిమిది మంది పిల్లలు, ఈ ఏడాది ఒక్క రోజు కూడా గంట కొట్టాక చేరలేదు. ఇంకొకడు, నిన్న ఏమీ చెయ్యలేదు, మొన్నా అంతే, ఉద్యోగం పోయి ఏడాదైంది అన్నాడు. ఆమె పోనీలే అనలేదు. ఎన్నింటికి లేచావని అడిగింది. అయిదున్నరకు అన్నాడు. లేచి? నాన్నకు గడ్డం గీశాను అన్నాడు. అదే రాసింది.

అందరూ దిగిరాలేదు. ఒకావిడ తనకు పాతదే వేయమంది, ఇంట్లో కోడలికి తను ప్రొఫెసరనే తెలుసునట. ఆవిడకు, మరో ఇద్దరికి 'వివరం ఇవ్వలేదు' అని రాయక తప్పలేదు. పెద్ద హోదాలో ఉన్న ఒకాయన నుంచి బిరుదులతో నిండిన పేజీ ఒకటి కార్యదర్శి ద్వారా వచ్చింది. లేబులు లేని సీసా కిందే లెక్క అని అదీ తిప్పి పంపింది. వారం తర్వాత ఆయనే స్వయంగా ఫోన్ చేశాడు. నిన్న పది నుంచి అయిదు దాకా సంతకాలు పెట్టానని, వాటిలో రెండు కాగితాలు పూర్తిగా చదివానని చెప్పి, ఉన్నదున్నట్టు రాయి, కానీ రెండు అన్నది మాటల్లో వద్దు, అంకెలో వేయి, కొంచెం చిన్నదిగా కనపడుతుంది అన్నాడు.

నాలుగో వారం చివర కాగితాలు విశ్వవిద్యాలయానికి పంపితే, మూడు రోజులకు సూపరింటెండెంటు పిలిపించాడు. ఆమె సెలవు పెట్టి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు సర్దుకుంటూ, గడ్డాలు, వ్యాన్లు, సబ్బులు, ఇవేం వివరాలు మేడమ్ అన్నాడు. ఏ బ్యాచ్‌వాళ్ళూ ఇలాంటివి ఇవ్వలేదు, సంస్థకు మర్యాదగా ఉండొద్దా, కావాలంటే అరవై ఏళ్ళ పుస్తకాలున్నాయి చూసుకోండి అని బీరువా చూపించాడు. మాటవరసకు అన్నాడు. ఆమె నిజంగానే చూడటం మొదలుపెట్టింది.

గంటంబావు సేపు నిలబడే చదివింది. కింది అరలో పుస్తకాలు సన్నగా ఉన్నాయి, వాక్యాలూ సన్నగానే ఉన్నాయి. 'భూమి కొలతల శాఖ. సైకిలు మీద తిరుగుతాను.' 'పంతులు పని. అన్ని తరగతులకూ నేనే.' 'ఇంకా పని దొరకలేదు. వెతుకుతున్నాను.' పై అరలకు వచ్చేకొద్దీ అట్టలు మెరిశాయి, వాక్యాలు లావెక్కాయి. సైకిళ్ళు మాయమయ్యాయి. పని దొరకనివాడు ఒక్కడూ లేడు. ప్రముఖులు కానివారూ లేరు.

కింది అర పుస్తకాలు మూడు తెచ్చి, పేజీలు తెరిచి ఆయన బల్ల మీద వరసగా పెట్టింది. ఆయన మూడూ చదివాడు. చదివి, నేను కాదనడానికి ఎవరిని మేడమ్, ప్రతినిధి సంతకం కావాలి, శుక్రవారం లోపల రాకపోతే పోయినసారి వాక్యాలే వెళతాయి అన్నాడు. ఆమెకది బాగా అర్థమైంది. సంతకం రాకపోతే శనివారం నుంచి ఆమె మళ్ళీ డైరెక్టరే, ఇక ఎప్పటికీ డైరెక్టరే. వ్యాను నడిపేవాడు మళ్ళీ ఎక్కడా లేడు.

మైకు ఫోన్ ఎత్తలేదు. ముప్పై ఎనిమిదిలో ఇంకా రాని లేబులు కూడా అతనిదొక్కటే. గురువారం ప్రయోగశాల మూశాక, పాత పుస్తకంలో 'సంస్థల అధినేత' అన్న మాట పక్కనున్న చిరునామా పట్టుకుని వెళ్ళింది. ఆ మేడలో ఇప్పుడు కళ్ళ ఆసుపత్రి ఉంది. మైకు పేరు చెబితే వాచ్‌మన్ గుర్తుపట్టి, ఆయనా, ఆ కంపెనీ మూసి ఏడేళ్ళయింది, బావమరిది టైర్ల షాపులో ఉంటాడు, మలుపు తిరగ్గానే అని చెప్పాడు.

మైకు షాపు ముందు వంగి ఒక వ్యాను చక్రానికి గాలి చూస్తున్నాడు. ఆమెను చూసి లేవలేదు.

"చూశావుగా. ఇక పోయి ముప్పై ఆరు మందికీ చెప్పు."

"చెప్పడానికి రాలేదు. నీ లేబులు రాలేదు."

"రాసుకో. వాహన రంగంలో విశేష అనుభవంతో..."

"నిన్న ఏం చేశావు?"

మైకు రెండో చక్రానికి జరిగాడు. మీటరు చూశాడు, తీశాడు, మళ్ళీ పెట్టి చూశాడు. ఆమె పక్కనే ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది. నాలుగు చక్రాలూ అయ్యేదాకా కదల్లేదు.

"రెండోది రెండుసార్లు చూశావేం?" అని అడిగింది.

"మొదటిసారి గొట్టం సరిగ్గా కూర్చోలేదు. రోడ్డు మీద పోయే బండి. అంకె అబద్ధమైతే మనుషులు పోతారు." అని చేతులు తుడుచుకుంటూ ఆగిపోయాడు. ఆమె ముఖం చూసి, "నవ్వాలనుంటే నవ్వు" అన్నాడు.

ఆమె నవ్వలేదు. నిన్న ఎన్ని చక్రాలు చూశావని అడిగితే, ఓ నలభై అన్నాడు. లేబులు మీద రాసి అతని చేతికిచ్చింది. 'టైర్ల షాపు. ఏడేళ్ళుగా. నిన్న నలభై చక్రాలకు గాలి చూశాను. అనుమానం వచ్చినవి రెండుసార్లు చూశాను.' అతను ఒకసారి చదివాడు. నలభై కాదు, నలభై నాలుగు అని దిద్దాడు. తర్వాత కాగితాల కట్టంతా తీసుకుని, అరిగిన టైరు మీదే పెట్టుకుని, పేజీ పేజీకీ చదువుతూ సంతకాలు పెట్టాడు. నాన్నకు గడ్డం గీసినవాడి దగ్గర చాలాసేపు ఆగి, వీడి నంబరు ఉందా అని అడిగి రాసుకున్నాడు. ఆమె మర్నాడు పది గంటలకల్లా కట్టను సూపరింటెండెంటు బల్ల మీద పెట్టి, ముట్టినట్టు రసీదు రాయించుకుంది. దాని మీద తేదీ, సమయం వేయించడం మర్చిపోలేదు.

పుస్తకం రెండు నెలలకు వచ్చింది. ముప్పై అయిదు మంది వాక్యాలు ఉన్నవి ఉన్నట్టే పడ్డాయి. ముగ్గురి పేర్ల ఎదురుగా 'వివరం ఇవ్వలేదు' అని ఉంది. అత్తగారు భూతద్దం తెప్పించుకుని కోడలి వాక్యాలు గట్టిగా చదివింది. 'నీటి పరీక్షల ప్రయోగశాల. ముప్పై మూడేళ్ళుగా. రోజుకు ఇరవై రెండు సీసాలు.'

"ఇరవై రెండేనా? నిన్న పాతిక అన్నావు కదే అమ్మాయ్."

"పాతిక నిన్న అత్తయ్యా. సగటు ఇరవై రెండు."