ముందస్తు స్తోత్రం

మా మామ్మ ఎస్తేరమ్మకు ఒకటే జబ్బు. ఇంకా రాని దానికి దేవునికి స్తోత్రం చెప్పేస్తుంది. అందరూ మేలు జరిగాక ఆదివారం లేచి సాక్ష్యం చెబుతారు. మామ్మ ముందే మైకు లాక్కుంటుంది. కలకత్తా వాట్‌గంజ్‌లో మా తెలుగువాళ్ల ప్రార్థన హాలు మైకు సందు చివరి దాకా వినిపిస్తుంది.

పదో తరగతి ఫలితాలు రాకముందే, "మా మనవరాలు పాసయిపోనాది, స్తోత్రం!" అంది. నేను తప్పాను.

"మామ్మా, ఇప్పుడేటి సెప్తావు?"

"ఈ ఏడే అని నానన్నానేటే?"

ఆ ఏడు ఇంకా రాలేదు. మామ్మకు తొందర లేదు.

మా ఎదురింటి కృపాకర్ ఓడరేవులో కూలి. మొన్నటి వానల్లో నిచ్చెన మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పని పోయింది. వాళ్ల వంటింటి కిటికీ మా కిటికీకి ఎదురే కాబట్టి, పొయ్యి వెలగడం లేదని మాకు తెలుసు. మామ్మ నాచేత గిన్నెడు అన్నం పంపింది.

"మాకేటీ లోటు లేదు, ఒట్టుకెళ్లిపోమ్మా" అన్నాడు కృపాకర్. లోపల పిల్లలు గిన్నె వైపే చూస్తున్నారు.

ఆదివారం మామ్మ మైకు అందుకుంది. "ప్రభువు కృపాకర్ ఇంటికి బియ్యం, పప్పు, నూనె పంపించినాడు. స్తోత్రం!"

హాలంతా "స్తోత్రం" అంది. కృపాకర్ ఒక్కడే తెల్లబోయాడు.

"మామ్మగారూ, మా ఇంటికేటీ రానేదే!" అన్నాడు బయటికొచ్చాక.

"దారిలో ఉంటాది, బాబూ."

మధ్యాహ్నమంతా మామ్మ కిటికీ దగ్గరే కూర్చుంది. అన్నం వద్దంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఎవరూ రాకపోతే ఆ పిల్లలకు ఆకలి మిగులుతుంది, ఆ ఇంటి గుట్టు ఊరికే బయటపడినట్టవుతుంది. మామ్మను చూస్తే మొదటిసారి నాకు నవ్వు రాలేదు.

పొద్దు వాలేవేళకు పాస్టరుగారు బియ్యం మూట మోసుకొచ్చి కృపాకర్ ఇంటి మెట్ల కింద దించారు. వెనకే పప్పు వచ్చింది, నూనె వచ్చింది. ఆఖరున కూరగాయలమ్మే బెంగాలీ అభిజిత్ దా బుట్టతో వచ్చి మా కిటికీ కింద నిలబడ్డాడు.

"దీదిమా, మైకులో అంతా విన్నాను. మీ ప్రభు ఠాకూర్ ఆలూ మరిచిపోయాడు!"

కృపాకర్ ఎర్రబడ్డ కళ్లతో మా గుమ్మంలోకి వచ్చాడు. "ఇదంతా మీ పనే. అన్నీ తిప్పి పంపీస్తాను."

"పంపీ, బాబూ. ముందు హాల్లోకెళ్లి, ప్రభువిచ్చింది నాకొద్దని మైకులో సెప్పీ."

అతను తల వంచుకుని మూట దగ్గరికి నడిచాడు. ఒంటి చేత్తో మూట లేవలేదు. రెండో కొస నేను పట్టాను.

తిరిగొచ్చి అడిగాను. "మామ్మా, ఇచ్చింది దేవుడా, మనుషులా?"

"ఆయనే నెత్తినెట్టుకుని మెట్లెక్కుతాడేటే?"

కాసేపటికి ఎదురింట్లో కృపాకర్ భార్య కారుణ్య తాలింపు వేసింది. ఘాటు మా గదినిండా కమ్మేసింది. మామ్మ దగ్గి దగ్గి కళ్లు తుడుచుకుంది.

"ఈ పిల్లకి మిరపకాయలెయ్యడం తెల్దే!"

కిటికీ మూయబోయాను. మామ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.