ఊరంతా శెనక్కాయ, నేనొక్కణ్ని కొర్ర

తొలకరి పడిందంటే మా ఊర్లో మనిషన్నవాడు శెనక్కాయే విత్తాల. ఎవరు పెట్టినారో ఈ చట్టం, తల్చుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతాది. ఊడలు దిగే వేళకు వాన ఎగ్గొట్టి చేను మాడితే, అందరూ ఒకచోట చేరి మొగులును తిట్టుకునేవాళ్లు. ఊరంతా కలిసి నష్టపోతే అదొక మర్యాద!

బడి మెట్లెక్కలేదు గానీ, పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ని. రెండువేల సంవత్సరం దాటినాక ఒక ఏడు, నా చేన్లో కొర్ర విత్తుతానన్నాను.

మా ఇంటామె నడుమున చేతులు పెట్టుకునింది. "ఈ ఒక్క తూరికే. ఇది పోయిందంటే వచ్చే ఏడు నోరెత్తకుండా అందరి మాదిరే శెనక్కాయ. సరేనా?"

సరేనన్నాను. పిట్టల సంగతి అప్పుడు తట్టలేదు.

ఊరంతా కొర్ర పెట్టే కాలంలో పిట్టలు తలా ఒక చేన్లో వాలేవి. ఇప్పుడుండేది ఒకటే చేను. కంకులు పాలు పోసుకోగానే మంద మొత్తం నా మీదికే వచ్చింది. తెల్లారింది మొదలు మంచె మీద డబ్బా కొట్టుకుంటా అరిచేవాణ్ని.

పక్క చేని రైతు గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించినాడు.

"ఏమప్పా, చుట్టాలు బాగా దిగినారే! పెండ్లికి పిలిచినావా?"

"నీ చేనికి పిట్ట గూడా రాదు కదన్నా, నీకెందుకు కడుపుమంట?"

"శెనక్కాయ పెట్టుంటే ఇంట్లో సుఖంగా పండుకుందువు."

"ఊరంతా పండుకుంటే నేనూ పండుకోవల్లనా?"

ఆ కోపంలో డబ్బా ఇంకా గట్టిగా కొట్టినాను. పిట్టలు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ ఆడనే వాలినాయి. ఆయన నవ్వలేక చచ్చినాడు.

చివరికి గొంతు పోయి, ఒక పూట ఇంట్లో పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి చేని పక్కనుంచి పళ్లెం మోత, తిట్ల వాన. పోయి చూస్తే మంచె మీద మా ఇంటామె.

"నీ మాదిరి అరిస్తే పిట్టలు పాటనుకుంటాయి. పక్కకు తప్పుకో!" అనింది.

పిట్టలు తినంగా మిగిలింది ఒక్క మూట. ఆ ఏడు ఊర్లో శెనక్కాయ కూడా కాయల్లేక ఉత్త కట్టెకే మిగిలిందనేది వేరే సంగతి. మాటంటే మాటే గదా, తీర్పు కోసం గడపలో నిలబడినాను. ఆమె కొర్రలు చెరిగి, మంచి గింజలు వేరు చేసి, బూడిద కలిపి కుండలో పోస్తాంది.

"ఏమే, అదెందుకు?"

"ఇత్తనాలకు," అనింది తలెత్తకుండానే. "వచ్చే ఏడు మంచె ఇద్దరికి సరిపోయేటట్టు కట్టు."