నాచారం చీటీ

ఉప్పల్ దవాఖానాలో నర్సుగా చేరిన కొత్తలో నాకు తల్లుల కంటే పురిటి బిడ్డల గురించే ఎక్కువ భయంగా ఉండేది. కొడవలితో బొడ్డు కోసిన పసిగుడ్డు కొన్నాళ్లు బాగానే పాలు తాగేది. తర్వాత దవడలు బిగిసి, ఒళ్లు విల్లులా వంగిపోయేది. ధనుర్వాతం. అలాంటి బిడ్డను మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నాక చాలా రోజులు నాకు అన్నం సయించలేదు.

కడుపుతో ఉన్నవాళ్లకు నెల తేడాతో రెండు సూదులు వేస్తే ఈ చావులు ఎంత తగ్గుతాయో చూద్దామని మా డాక్టరమ్మ పూనుకుంది. మందు సగం ఊళ్లకే వచ్చింది. ఒకే వాడలో ఒకామెకు వేసి పక్కింటామెకు మానేస్తే ఊరుకుంటారా? అందుకని వేస్తే ఊరంతటికీ వెయ్యాలి, లేకపోతే లేదు అనుకున్నాం. ఊళ్ల పేర్లు చీటీల మీద రాసి తీశాం. ముందు వచ్చిన ఊళ్లకు ఈ ఏడు, మిగతా వాటికి వచ్చే ఏడు. ఈలోగా రెండు వైపులా పుట్టిన బిడ్డలను పోల్చి చూడాలి. ఉప్పల్ ముందు వచ్చింది. నాచారం ఆగిపోయింది.

నాచారంలో మా చెల్లె కాపురం. తొలుసూరు, ఆరో నెల. నా గుండెల్లో రాయి పడింది. ఇంటింటికీ తిరిగి "భయపడకండమ్మా" అని చెప్పేదాన్ని నేనే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

ఒకటే ఆశ. తొలి కాన్పు తల్లిగారింట్లోనే కాబట్టి ఉప్పల్‌లో మా అమ్మ దగ్గరికి రావలసిందే. చెల్లె అత్తేమో తొమ్మిదో నెలలో పంపుతానంది. అప్పటికి రెండో సూదికి వ్యవధి ఉండదు. అమ్మ పోయి, బతిమాలి, ఏడో నెలలోనే తోలుకొచ్చింది. అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. చీటీల రోజు చెల్లె నాచారం మనిషి. మరి ఇప్పుడో? కోడళ్లు పురుటికి ఊరు మారతారన్న సంగతి చీటీలు తీసేటప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు. అందరం ఆడవాళ్లమే, పైగా!

డాక్టరమ్మ వద్దంటుందేమో అనుకుంటూనే వెళ్లి అడిగాను.

"బిడ్డలను పోల్చే లెక్కలో ఆమెను నాచారంలోనే ఉంచుదాం. ఉప్పల్‌లో పురుడు పోసుకునే మనిషికి సూది లేదనడం నా వల్ల కాదు. నాచారంలో ఉండిపోయేవాళ్లకు మాత్రం వచ్చే ఏడే" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు చెల్లెను బల్ల మీద కూర్చోబెట్టి సిరంజిలోకి మందు తీస్తున్నాను.

"అక్కా, మా తోడికోడలుకు గూడ ఏడో నెలే. గామెకు ఎప్పుడేస్తరు?"

"ఆమె తల్లిగారింటికి పోదా?" ఆశగా అడిగాను.

"రెండో కాన్పు గదా, నాచారంలనే. ఏందక్కా, గట్ల సూస్తున్నవ్?"

"చెయ్యి కదపకు" అన్నాను. దూదితో ఆమె జబ్బ తుడిచి సూది వేశాను.